మైకులో బుస ఎక్కడిది? ఇంట్లో కట్టుకునే ప్రీయాంప్ చెప్పే జవాబు

చిన్న సవ్వడిని పెద్దది చేసే సర్క్యూట్ తన సొంత చప్పుడును అందులో కలపకుండా ఉండాలంటే ఏం చేయాలి? చవకగా దొరికే చిప్‌తో ఎంత దూరం వెళ్లవచ్చు, ప్రకృతి నియమమే ఎక్కడ అడ్డు నిలుస్తుంది?

200 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి బల్ల మీద ఉందనుకుందాం. దానికి బ్యాటరీ లేదు, తీగ లేదు. అయినా దాని రెండు కొసల మధ్య వోల్టేజి ఉంటుంది. అది ఒకచోట నిలవదు. క్షణానికో తీరుగా పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. మనిషి చెవికి వినిపించే 20,000 హెర్ట్జ్‌ల మేర దాన్ని కొలిస్తే, గది ఉష్ణోగ్రత దగ్గర సుమారు 0.26 మైక్రోవోల్టులు తేలుతుంది. వోల్టులో పది లక్షల వంతు ఒక మైక్రోవోల్టు. అందులో నాలుగో వంతు అన్నమాట.

ఇంత స్వల్పమైన వోల్టేజితో మనకేం పని అనిపించవచ్చు. కానీ సభల్లో, పాటకచేరీల్లో కనిపించే డైనమిక్ మైకు లోపలి తీగచుట్ట నిరోధం కూడా దాదాపు ఇంతే ఉంటుంది. అంటే ఎవరూ మాట్లాడకపోయినా ఆ మైకు ఇంత చప్పుడును ఎప్పుడూ పంపుతూనే ఉంటుంది. మాటల వెనుక సన్నగా వినిపించే బుసలో ఇదొక భాగం.

మిగతా భాగం మైకు తర్వాత వచ్చే ప్రీయాంప్లిఫయర్‌ది. దాన్నే క్లుప్తంగా ప్రీయాంప్ అంటారు. మైకు నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని రికార్డరు అందుకోగల స్థాయికి పెంచడం దాని పని. ఎలక్ట్రానిక్స్ సరదా ఉన్నవారు ఇంట్లో కట్టుకునే సర్క్యూట్లలో ఇది చిరకాలంగా ఉన్నదే. కట్టడం తేలిక. బుస లేకుండా కట్టడమే కష్టం. ఆ కష్టం ఎందుకో తెలుసుకుంటే భౌతికశాస్త్రంలోని ఒక ముఖ్యమైన నియమం చేతికందుతుంది.

మైకు ఇచ్చేది ఎంత?

సాధారణ డైనమిక్ మైకు ఒక పాస్కల్ ధ్వని పీడనానికి 2 మిల్లీవోల్టుల వరకు ఇస్తుంది. ఒక పాస్కల్ అంటే 94 డెసిబెల్‌లు. మైకును పెదవులకు దగ్గరగా పెట్టుకుని గట్టిగా పాడితే ఆ స్థాయి వస్తుంది. మీటరు దూరంలో మామూలుగా మాట్లాడుకునే మాట దాదాపు 60 డెసిబెల్‌లు. అప్పుడు మైకు ఇచ్చేది 40 మైక్రోవోల్టులే. ఊరికి దూరంగా, గాలి లేని రాత్రి వినిపించే 30 డెసిబెల్‌ల సవ్వడికి అది 1.3 మైక్రోవోల్టులకు పడిపోతుంది.

మైకు సొంతంగా చేసే చప్పుడు 0.26 మైక్రోవోల్టులని ఇంతకు ముందే చూశాం. అంటే గట్టిగా పాడే పాటకూ ఈ బుసకూ మధ్య వేల రెట్ల తేడా ఉంది. మెల్లని సవ్వడి విషయంలో ఆ తేడా ఐదు రెట్లే. ప్రీయాంప్ తన వంతుగా మరికొంత రొద కలిపితే ఆ ఐదు రెట్లూ కరిగిపోతాయి. తర్వాత ఎంత పెంచినా సవ్వడి, బుస రెండూ కలిసే పెరుగుతాయి. కంప్యూటరులో బుసను తీసేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అయితే అవి బుసతోపాటు దానిలో మునిగిన సన్నని ధ్వనులను కూడా కొంత తుడిచేస్తాయి.

వేడి చేసే చప్పుడు

ఏ విద్యుత్తూ ఇవ్వని రెసిస్టర్‌లో వోల్టేజి ఎందుకు పుడుతుంది? దీన్ని జాగ్రత్తగా కొలిచి చూపినవాడు అమెరికాలోని బెల్ ల్యాబొరేటరీస్‌లో పనిచేసిన జాన్ బి. జాన్సన్. సిద్ధాంతపరంగా వివరించినవాడు హ్యారీ నైక్విస్ట్. ఇద్దరూ స్వీడన్‌లో పుట్టినవారే. వారి పరిశోధన పత్రాలు 1928లో ఫిజికల్ రివ్యూ పత్రికలో ఒకదాని వెంట ఒకటి వెలువడ్డాయి.

పదార్థంలోని ఎలక్ట్రాన్‌లు వేడి వల్ల ఎప్పుడూ అడ్డదిడ్డంగా కదులుతూ ఉంటాయి. నీటిలో పుప్పొడి రేణువుల నుంచి వెలువడిన కణాలు అటూ ఇటూ ఊగడాన్ని 1827లో రాబర్ట్ బ్రౌన్ గమనించాడు. ఇదీ అలాంటి చలనమే. ఏదో ఒక క్షణంలో ఒక కొసన ఎలక్ట్రాన్‌లు కాస్త ఎక్కువగా పోగవుతాయి. మరుక్షణం రెండో కొసన పోగవుతాయి. ఆ హెచ్చుతగ్గులే వోల్టేజిగా కనిపిస్తాయి. జాన్సన్ కార్బన్, లోహాలు, లవణ ద్రావణాలు ఇలా వేర్వేరు పదార్థాలతో ప్రయత్నించాడు. పదార్థం మారినా ఫలితం మారలేదు. చప్పుడు నిరోధం మీద, ఉష్ణోగ్రత మీద, ఎంత విస్తృతమైన పౌనఃపున్యాల మేర కొలుస్తున్నాం అనేదాని మీద మాత్రమే ఆధారపడింది.

సూత్రం చిన్నదే. బోల్ట్జ్‌మన్ స్థిరాంకం, కెల్విన్‌లలో ఉష్ణోగ్రత, ఓమ్‌లలో నిరోధం, హెర్ట్జ్‌లలో పౌనఃపున్య విస్తృతి, ఈ నాలుగింటినీ గుణించి, ఆ వచ్చినదాన్ని మళ్లీ 4తో గుణించి, వర్గమూలం తీయాలి. 300 కెల్విన్‌ల దగ్గర 200 ఓమ్‌లకు 0.26 మైక్రోవోల్టులు వస్తుంది. 1,000 ఓమ్‌లకు 0.58, 10,000 ఓమ్‌లకు 1.8 వస్తాయి. నిరోధం వంద రెట్లు పెరిగితే చప్పుడు పది రెట్లు పెరుగుతుంది.

ఉష్ణోగ్రత తగ్గిస్తే చప్పుడు తగ్గాలి కదా? తగ్గుతుంది, కానీ ఇక్కడా వర్గమూలమే అడ్డం. 43 డిగ్రీల మండు వేసవికీ 15 డిగ్రీల చలికాలపు ఉదయానికీ మధ్య తేడా ఐదు శాతం లోపే. మైకును ద్రవ నైట్రోజన్‌లో ముంచి మైనస్ 196 డిగ్రీలకు తీసుకెళ్లినా చప్పుడు సగానికే తగ్గుతుంది. అందువల్ల మామూలు గదిలో పనిచేసే మైకుకు 0.26 మైక్రోవోల్టులే నేల మట్టం. ఎంత ఖరీదైన యంత్రం కొన్నా దాని కిందికి దిగలేం.

ఈ చప్పుడు ఎంత నమ్మకమైనదంటే దాన్ని థర్మామీటరుగా కూడా వాడతారు. 2019లో కెల్విన్‌కు కొత్త నిర్వచనం ఇచ్చినప్పుడు బోల్ట్జ్‌మన్ స్థిరాంకం విలువను స్థిరపరిచారు. ఆ విలువను తేల్చిన పద్ధతుల్లో రెసిస్టర్ చప్పుడును కొలవడం ఒకటి.

మొదటి మెట్టుదే భారం

ప్రీయాంప్‌లో సాధారణంగా ఒకటి కంటే ఎక్కువ మెట్లు ఉంటాయి. మొదటి మెట్టు సంకేతాన్ని 100 రెట్లు, రెండోది 10 రెట్లు పెంచితే మొత్తం 1,000 రెట్లవుతుంది. ప్రతి మెట్టూ తన రొదను కలుపుతుంది. అయితే అన్ని మెట్ల రొదకూ ఒకే విలువ ఉండదు. రెండో మెట్టు తన రొదను కలిపే సమయానికి సంకేతం అప్పటికే 100 రెట్లు పెరిగి ఉంటుంది. అందువల్ల మైకు దగ్గర నిలబడి చూస్తే రెండో మెట్టు రొద వందో వంతుగానే కనిపిస్తుంది. రేడియో రిసీవర్ల విషయంలో ఈ లెక్కను 1944లో హెరాల్డ్ ఫ్రీస్ సూత్రంగా రాశాడు.

పుణె జిల్లా నారాయణ్‌గావ్ దగ్గర ఖోడద్‌లో 45 మీటర్ల వ్యాసం గల 30 డిష్‌లతో జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోప్ ఉంది. అక్కడా పాటించేది ఇదే సూత్రం. తొలి యాంప్లిఫయర్‌ను కింద భవనంలో కాకుండా డిష్ నాభి దగ్గరే అమరుస్తారు. పొడవాటి కేబులు గుండా వచ్చి బలహీనపడక ముందే సంకేతాన్ని పెంచాలన్నది ఉద్దేశం. నక్షత్ర మండలాల నుంచి వచ్చే రేడియో తరంగాలకైనా, ఇంట్లో మైకుకైనా లెక్క ఒకటే.

రొదలను కూడే తీరు

3 మైక్రోవోల్టుల రొద, 4 మైక్రోవోల్టుల రొద కలిస్తే 7 కాదు, 5 అవుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రొదలను వర్గాలు కూడి వర్గమూలం తీసి కలపాలి. లంబకోణ త్రిభుజంలో కర్ణం కనుక్కున్నట్టే. దీనివల్ల ఒక మేలుంది. 10, 1 కలిస్తే 10.05 మాత్రమే అవుతుంది. పెద్ద రొద ఒకటి ఉంటే చిన్నవాటిని పట్టించుకోనక్కర్లేదు. ఆ పెద్దది ఏదో కనిపెట్టడమే కట్టేవారి అసలు పని.

చిప్‌ల డేటాషీట్‌లో రొదను హెర్ట్జ్ వర్గమూలానికి ఇన్ని నానోవోల్టులని రాస్తారు. 20,000 వర్గమూలం సుమారు 141. డేటాషీట్ అంకెను 141తో గుణిస్తే వినిపించే మేరలో మొత్తం రొద వస్తుంది. టీఎల్072 అనే ప్రసిద్ధమైన ఆప్‌యాంప్‌కు డేటాషీట్ అంకె 18. అంటే 2.5 మైక్రోవోల్టులు. 1970లలో సిగ్నెటిక్స్ సంస్థ తెచ్చిన ఎన్‌ఈ5534 రకంలో ఎన్‌ఈ5534ఏ అంకె 3.5. అంటే 0.5 మైక్రోవోల్టులు. మైకుల కోసమే తయారైన ఐఎన్‌ఏ217 వంటి చిప్ అంకె 1.3. అంటే 0.18.

వీటికి మైకు సొంత చప్పుడు 0.26 కలిపి చూద్దాం. టీఎల్072తో మొత్తం 2.56 అవుతుంది. ముందు చెప్పుకున్న 1.3 మైక్రోవోల్టుల మెల్లని సవ్వడి ఇందులో పూర్తిగా మునిగిపోతుంది. ఎన్‌ఈ5534ఏతో 0.56 వస్తుంది. సవ్వడి బుసకు రెట్టింపు పైన నిలుస్తుంది. ఐఎన్‌ఏ217తో 0.32. ఇక్కడి నుంచి ఎంత ఖర్చు పెట్టినా 0.26 దాకానే దిగగలం. టీఎల్072 చెడ్డ చిప్ ఏమీ కాదు. ఎక్కువ నిరోధం ఉన్న గిటార్ పికప్ వంటి చోట్ల అది చక్కగా సరిపోతుంది. తక్కువ నిరోధం ఉన్న మైకుకు మాత్రం మొదటి మెట్టుగా నప్పదు.

కట్టే తీరు

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్‌పీ రోడ్, ముంబయి లామింగ్టన్ రోడ్, ఢిల్లీ లజపత్‌రాయ్ మార్కెట్. ఇలాంటి బజార్లలో ఈ సర్క్యూట్‌కు కావాల్సిన విడిభాగాలు దొరుకుతాయి. ఒక ఎన్‌ఈ5534ఏ, ఒక టీఎల్072, కొన్ని మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు, కొన్ని కెపాసిటర్లు, రెండు 9 వోల్టుల బ్యాటరీలు, రంధ్రాల బోర్డు చాలు.

మొదట విద్యుత్ సరఫరా. ఒక బ్యాటరీ ధన కొసను రెండోదాని రుణ కొసకు కలిపితే ఆ కలిసిన చోటే గ్రౌండ్. మిగిలిన రెండు కొసల నుంచి ప్లస్ 9, మైనస్ 9 వోల్టులు వస్తాయి. ఎన్‌ఈ5534లో 7వ కాలికి ప్లస్, 4వ కాలికి మైనస్. ఆ రెండు కాళ్ల నుంచీ గ్రౌండ్‌కు 100 నానోఫారడ్‌ల కెపాసిటర్లు చిప్‌కు వీలైనంత దగ్గరగా పెట్టాలి.

మైకు సంకేతం 22 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ గుండా 3వ కాలికి వస్తుంది. అదే కాలి నుంచి గ్రౌండ్‌కు 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. 6వ కాలి నుంచి 2వ కాలికి 2.2 కిలోఓమ్‌లు. 2వ కాలి నుంచి గ్రౌండ్‌కు 22 ఓమ్‌లు, దాని వెంట వరుసలో 470 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్. 2.2 కిలోఓమ్‌లను 22తో భాగించి ఒకటి కలిపితే 101. సంకేతం అన్ని రెట్లు పెరుగుతుంది. ఈ చిప్ మూడు రెట్లు, అంతకు మించి పెంచేటప్పుడు స్థిరంగా ఉంటుంది. కాబట్టి 5, 8 కాళ్ల మధ్య అదనపు కెపాసిటర్ అవసరం లేదు.

ఈ అంకెలే ఎందుకు? 1 కిలోఓమ్, 100 కిలోఓమ్‌లు పెట్టినా 101 రెట్లే వస్తుంది. చాలామంది చేతికందినవి అవే అని పెట్టేస్తారు. కానీ 1 కిలోఓమ్ రెసిస్టర్ సొంత చప్పుడు 0.58 మైక్రోవోల్టులు. అది చిప్ రొద కంటే ఎక్కువ. అప్పుడు మొత్తం 0.56 నుంచి 0.80కి పెరుగుతుంది. చిప్ అదే, పెంపు అదే. రెండు రెసిస్టర్ల ఎంపిక వల్లే బుస 3 డెసిబెల్‌లు పెరిగింది. 22 ఓమ్‌ల రెసిస్టర్ చప్పుడు 0.09 మాత్రమే. దానికి చెల్లించే మూల్యం కెపాసిటర్ పెద్దది కావడం. 22 ఓమ్‌లతో 15 హెర్ట్జ్‌ల దాకా కింది స్వరాలు తగ్గకుండా ఉండాలంటే 470 మైక్రోఫారడ్‌లు కావాలి.

మరి 3వ కాలి దగ్గర 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఉంది కదా, దాని చప్పుడు 1.8 మైక్రోవోల్టులు కాదా? మైకు కలిపి ఉన్నంతసేపూ అది సమస్య కాదు. దాని పక్కనే 200 ఓమ్‌ల మైకు ఉండి ఆ చప్పుడును దాదాపు పూర్తిగా గ్రౌండ్‌కు దింపేస్తుంది. మైకు తీసేస్తే మాత్రం బుస ఒక్కసారిగా పెరుగుతుంది.

రెండో మెట్టులో టీఎల్072లోని ఒక సగాన్ని 10 రెట్ల పెంపుకు వాడవచ్చు. దాని 2.5 మైక్రోవోల్టుల రొద మొదటి మెట్టు తర్వాత వస్తుంది. కాబట్టి మైకు దగ్గర అది 0.025గానే కనిపిస్తుంది. అదే రెండు చిప్‌ల స్థానాలు తారుమారు చేస్తే బుస నాలుగున్నర రెట్లు పెరుగుతుంది. రెండు మెట్ల మధ్య వాల్యూమ్ కంట్రోల్ పెడితే గట్టి ధ్వనులు వచ్చినప్పుడు తగ్గించుకోవచ్చు.

రెసిస్టర్లు మెటల్ ఫిల్మ్‌వి కావాలన్నది ఆడంబరం కాదు. కార్బన్ రెసిస్టర్ల గుండా విద్యుత్తు ప్రవహించినప్పుడు వేడి చప్పుడుకు తోడు మరో రకం రొద పుడుతుంది. కింది స్వరాల దగ్గర అది ఎక్కువ. మెటల్ ఫిల్మ్‌లో అది చాలా తక్కువ.

బుస వేరు, మోత వేరు

సర్క్యూట్ కట్టి వినగానే చాలామందికి మొదట వినిపించేది బుస కాదు, గుమ్మనే మోత. ఇళ్లలోని కరెంటు 50 హెర్ట్జ్‌లది. గోడలోని తీగల నుంచి, అడాప్టర్ల ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి అది గాలిలోనే సర్క్యూట్‌లోకి చొరబడుతుంది. అడాప్టర్‌తో నడిపితే 100 హెర్ట్జ్‌ల మోత కూడా చేరుతుంది. బ్యాటరీ వాడమనడానికి కారణం ఇదే. 2జీ ఫోను దగ్గర ఉంటే సెకనుకు 217 సార్లు వచ్చే దాని రేడియో స్పందనలు కూడా మైకులో టకటకమంటాయి.

వేడి బుసను తప్పించుకోలేం. కానీ మోతను తప్పించుకోవచ్చు. సర్క్యూట్‌ను లోహపు డబ్బాలో పెట్టి ఆ డబ్బాను గ్రౌండ్‌కు ఒకే చోట కలపాలి. ఖాళీ బిస్కట్ల రేకు డబ్బా అయినా సరే. గ్రౌండ్ తీగలన్నీ ఒక బిందువు దగ్గరే కలవాలి. ఒకదాని తర్వాత ఒకటి గొలుసులా కలిపితే ఒక భాగపు కరెంటు మరో భాగానికి వోల్టేజిగా కనిపిస్తుంది.

మైకు కేబులు కొన్ని మీటర్లు దాటితే మరో ఉపాయం కావాలి. స్టూడియో మైకుల కేబులులో రెండు సంకేత తీగలు, చుట్టూ ఒక కవచం ఉంటాయి. ఒక తీగలో సంకేతం పైకి వెళితే రెండోదానిలో కిందికి వెళ్తుంది. బయటి మోత మాత్రం రెండు తీగల మీదా ఒకే తీరుగా పడుతుంది. ప్రీయాంప్ ఆ రెండింటి తేడానే తీసుకుంటే సంకేతం మిగులుతుంది, మోత రద్దవుతుంది. ఇది ఎంత బాగా జరుగుతుందనేది రెండు వైపులా రెసిస్టర్లు ఎంత సమానంగా ఉన్నాయనేదాని మీద ఆధారపడుతుంది. ఒకే ఆప్‌యాంప్‌తో, పెంపు లేకుండా తేడాను తీసే సర్క్యూట్‌లో ఒక శాతం రెసిస్టర్లు వాడితే, అన్నీ ప్రతికూలంగా పడినప్పుడు మోత యాభయ్యో వంతుకే తగ్గుతుంది. 0.1 శాతం రెసిస్టర్లతో ఐదు వందలో వంతుకు తగ్గుతుంది. ఐఎన్‌ఏ217 వంటి చిప్‌లలో ఈ రెసిస్టర్లను లోపలే సరిచేసి ఇస్తారు.

కండెన్సర్ మైకులకు ఈ రెండు తీగల మీదే 48 వోల్టులు కూడా పంపుతారు. ఒక్కో తీగకు 6.8 కిలోఓమ్‌ల రెసిస్టర్ గుండా అది వెళ్తుంది. ఈ 48 అంకె వెనుక ఒక చిన్న కథ ఉంది. 1966లో జర్మనీకి చెందిన నాయ్‌మన్ సంస్థ నార్వే రేడియోకు ట్రాన్సిస్టర్ మైకులు ఇవ్వబోయింది. అత్యవసర దీపాల కోసం అక్కడి స్టూడియోల్లో అప్పటికే 48 వోల్టుల సరఫరా ఉంది. మైకులకూ దాన్నే వాడుకున్నారు. ఆ అంకె ప్రపంచమంతా ప్రమాణమై నిలిచింది.

కొలిచి చూస్తే

చెవితో విని బాగుందనుకోవడం వేరు, కొలవడం వేరు. ఇందుకు ఒక కంప్యూటరు, ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు.

మొదట తెలిసిన సంకేతం ఇవ్వాలి. ఫోనులో 400 హెర్ట్జ్‌ల స్వరం మోగించి, హెడ్‌ఫోన్ కొస దగ్గర మల్టీమీటరుతో 100 మిల్లీవోల్టులు వచ్చేలా చూసుకోవాలి. దాన్ని 10 కిలోఓమ్‌లు, 10 ఓమ్‌ల జంట గుండా పంపితే 10 ఓమ్‌ల మీద వెయ్యో వంతు, అంటే 100 మైక్రోవోల్టులు మిగులుతుంది. దాన్ని ప్రీయాంప్‌కు ఇచ్చి రికార్డు చేయాలి. తర్వాత ఆ జంటను తీసేసి మైకు బదులు 200 ఓమ్‌ల రెసిస్టర్ కలపాలి. సర్దుబాట్లు ఏవీ మార్చకుండా మళ్లీ రికార్డు చేయాలి. రెండు రికార్డింగుల మధ్య తేడా 45 డెసిబెల్‌లుంటే రొద 0.56 మైక్రోవోల్టులు. అంటే సర్క్యూట్ లెక్క ప్రకారమే పనిచేస్తోంది. తేడా 32 దగ్గర ఆగిపోతే ఎక్కడో పొరపాటు ఉంది.

ఎక్కడో తెలియాలంటే సాఫ్ట్‌వేర్‌లో వర్ణపటం చూడాలి. 50, 100, 150 హెర్ట్జ్‌ల దగ్గర ముళ్లలా లేచి ఉంటే అది మోత. డబ్బా, గ్రౌండ్ సరిచూసుకోవాలి. ముళ్లు లేకుండా పచ్చిక బయలులా అన్ని పౌనఃపున్యాల దగ్గరా ఒకే ఎత్తులో ఉంటే అది బుస. చిప్, రెసిస్టర్ల విలువలు సరిచూసుకోవాలి.

ఇప్పుడు ఆ 200 ఓమ్‌ల రెసిస్టర్‌ను కూడా తీసేసి ఖాళీగా ఉంచితే రొద 0.56 నుంచి దాదాపు 2 మైక్రోవోల్టులకు పెరుగుతుంది. లోపలి 10 కిలోఓమ్‌ల వేడి చప్పుడు బయటపడిందన్నమాట. అలాగే 470, 1,000, 2,200 ఓమ్‌లు ఒక్కొక్కటే పెట్టి కొలవాలి. లోపల సమాంతరంగా ఉన్న 10 కిలోఓమ్‌లనూ లెక్కలోకి తీసుకోవాలి. నిరోధం ఒక అక్షం మీద, రొద వర్గం మరో అక్షం మీద గీస్తే దాదాపు సరళరేఖ వస్తుంది. దాని వాలు నుంచి బోల్ట్జ్‌మన్ స్థిరాంకాన్ని స్థూలంగా రాబట్టవచ్చు. ఒకప్పుడు బెల్ ల్యాబొరేటరీస్‌లో జరిగిన ప్రయోగాన్ని ఇంటర్ విద్యార్థి ఇంట్లోనే మళ్లీ చేసినట్టవుతుంది.

ఎంత తగ్గిస్తే చాలు?

సీలింగ్ ఫ్యాన్ తిరిగే గదిలో చప్పుడు 50 డెసిబెల్‌లుందనుకుంటే మైకు నుంచి 12 మైక్రోవోల్టులకు పైగా ఫ్యాన్ చప్పుడే వస్తుంది. అక్కడ టీఎల్072 రొద 2.5 అయినా, ఐఎన్‌ఏ217 రొద 0.18 అయినా వినేవారికి తేడా తెలియదు. అలాంటి గదిలో ఖరీదైన ప్రీయాంప్ కొనడం కంటే ఫ్యాన్ ఆపడం, మైకును నోటికి దగ్గరగా తేవడం మేలు. దూరం సగమైతే మాట 6 డెసిబెల్‌లు పెరుగుతుంది. ఖర్చు లేదు.

దగ్గరికి వెళ్లలేని చోటే ఈ శ్రమకు విలువ. కడప జిల్లా లంకమల అడవుల్లోని కలివికోడి అలాంటి ఉదాహరణ. టి.సి. జెర్డాన్ కనుగొన్న, 1848లో ఎడ్వర్డ్ బ్లిత్ వర్ణించిన ఈ పక్షి అంతరించిపోయిందని చాలాకాలం భావించారు. 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వారు స్థానికుల సాయంతో మళ్లీ కనుగొన్నారు. ఇది రాత్రి తిరిగే పక్షి. కంటపడటం అరుదు, చీకటి పడ్డాక కాసేపు వినిపించే కూతే ప్రధాన ఆనవాలు. ఆ కూతను తొలిసారి రికార్డు చేసిన వివరాలు 2004లో ఆ సొసైటీ జర్నల్‌లో వచ్చాయి. ఆ తర్వాత రికార్డు చేసిన కూతను వినిపించి బదులు కూత కోసం చెవియొగ్గడం ఈ పక్షిని వెతికే పద్ధతుల్లో ఒకటైంది.

ఇలాంటి చోట లెక్క ఇలా ఉంటుంది. బయలులో దూరం రెట్టింపైతే ధ్వని పీడనం సగమవుతుంది. రొద 2.56 మైక్రోవోల్టులున్న ప్రీయాంప్‌తో ఒక కూత 10 మీటర్ల నుంచి స్పష్టంగా దొరుకుతుందనుకుందాం. రొద 0.56 ఉన్నదానితో అదే స్పష్టత 45 మీటర్ల నుంచి వస్తుంది. దూరం నాలుగున్నర రెట్లు పెరిగితే ఒకచోట నుంచి వినగల నేల వైశాల్యం ఇరవై రెట్లు పెరుగుతుంది. కీచురాళ్ల రొద, గాలి, పొదలు ఈ లాభాన్ని తగ్గిస్తాయి. పరిసరాలు ప్రీయాంప్ కంటే నిశ్శబ్దంగా ఉన్నప్పుడే ఈ లెక్క పూర్తిగా నిలుస్తుంది. అడవిలో వాడేవి ఎక్కువగా కండెన్సర్, ఎలక్ట్రెట్ మైకులు. బెల్ ల్యాబొరేటరీస్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ 1962లో రూపొందించిన ఎలక్ట్రెట్ మైకులు ఇప్పుడు కొన్ని రూపాయలకే దొరుకుతాయి. వాటి గుళికలోనే ఒక చిన్న ట్రాన్సిస్టర్ ఉంటుంది. మొదటి మెట్టు అదే. కాబట్టి అక్కడ రొద తక్కువున్న గుళికను ఎంచుకోవడమే ముఖ్యం. ఆ తర్వాతి ప్రీయాంప్‌కు పని తేలికవుతుంది.

కట్టడం మొదలుపెట్టేవారు ముందుగా కాగితం మీద మూడు అంకెలు రాసుకుంటే మంచిది: పట్టుకోవాల్సిన ధ్వనికి మైకు ఇచ్చే వోల్టేజి, మైకు సొంత చప్పుడు, మొదటి చిప్ రొద. ఎన్‌ఈ5534ఏతో 0.56 వచ్చాక ఇంకా తగ్గించాలనిపిస్తే అదే చిప్‌లు నాలుగింటిని సమాంతరంగా కలపవచ్చు. చిప్ రొద సగమై మొత్తం 0.36 దగ్గరకు వస్తుంది. ఆ తర్వాత హెడ్‌ఫోన్‌లో మిగిలి వినిపించే బుసలో దాదాపు సగం మైకు తీగచుట్టదే. దాన్ని తగ్గించాలంటే ఇక మిగిలిన దారి ఆ తీగను చల్లబరచడమే.